ఎద్దుల సోమవారం, అక్క ఆదివారం

సోమవారం పొద్దున పాపను ఎత్తుకుంటే ఒళ్లు వెచ్చగా తగిలింది. పళ్లు వచ్చే నెలలు, కాస్త కాగడం మామూలేనని మా అత్తగారు ఎంత చెప్పినా నాకు మనసు ఊరుకోలేదు. కల్లూరు నుంచి కర్నూలు ఆసుపత్రి ఎంతో దూరం కాదు గానీ, ఆ ఎండలో బిడ్డను వేసుకుని నడవడమెట్లా? వీధి చివర ఉండే బండాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన తీరిగ్గా ఎద్దుల ఒళ్లు రుద్దుతున్నాడు.

"అన్నా, బండి కట్టు. పాపకు జ్వరం," అన్నాను.

ఆయన చేయి తుడుచుకుని వచ్చి బిడ్డ నుదురు చూశాడు. "అయ్యో తల్లీ! ఈ పొద్దు సోమారం గదమ్మా. సోమారం బసవన్న దినం, మేం కాడి ఎత్తం."

"నేను బిడ్డ సంగతి చెబుతుంటే నువ్వు వారం సంగతి చెబుతావా?"

"కాదనల్యా తల్లీ. పాపను నా బుజాన ఏసుకొని నడుచుకుంటా వస్తా పా. నన్ను యాడికైనా నడిపించు. ఎద్దుల్ను మాత్రం అడగాకు."

కోపం రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది. ఒళ్లు కాగుతున్న బిడ్డను చంకలో పెట్టుకుని నడివీధిలో నిలబడి పకపకా నవ్వాను. బండాయన నన్ను వింతగా చూశాడు. అదృష్టం కొద్దీ అటుగా ఒక జట్కా వచ్చింది. గుర్రాలకు సోమవారం లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప కింది పెదవి లాగి చూపించింది. చిగుళ్లలో తెల్లగా పన్ను మొన. అంతే.

ఇప్పుడు పాప నిద్రపోతోంది. మాటిమాటికీ లేచి నుదుటి మీద చేయి పెట్టి చూసి వస్తున్నాను. ఆ మధ్యలో ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఎద్దులకు బదులు తాను నడుస్తానన్న మనిషిని నేను ఇంతకుముందు కూడా చూశాను. పొద్దుటి నుంచి ఆమె నా కళ్లముందే తిరుగుతోంది.

ఆమెను మా గేరిలో, అంటే మా వాడలో, అందరూ అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్క అనేవారు. నాకూ అక్కే. మాది కోయిలకుంట్ల దగ్గర ఒక నల్లరేగడి పల్లె. ఊరికి కాస్త దూరంగా మా క్రైస్తవుల గేరి. మా నాన్న అక్కడి మిషన్ బడిలో అయ్యవారు. కడప బండలు పరిచిన ఒకే ఒక పొడవాటి గది మాకు వారమంతా బడి, ఆదివారం గుడి. గేరిలో దాదాపు అందరూ ఊళ్లోని పెద్దరెడ్డి దగ్గర ఏడాది జీతానికి ఉండేవాళ్లు. ఉగాదినాడు రెడ్డి అరుగు ముందు నిలబడి మాట చేసుకోవాలి: ఇన్ని జొన్నలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు. ఆ మాట మళ్లీ ఉగాది దాకా. అక్క భర్త పోయాక అతని చోట ఆమె జీతానికి చేరింది. కొట్టంలో పేడ ఎత్తడం, మేత మోయడం, కోతల్లో కోత, నూర్పిళ్లలో నూర్పిడి. ఇంట్లో ఆమె, ముసలి అత్త. రెడ్డి కొలిచే జొన్నలే ఇద్దరి కడుపుకూ ఆధారం.

నేను చెప్పే ఏడు నాకు పదహారు నిండాయి. బోర్డింగు స్కూలు చదువు అయిపోయింది. కాలేజీకి పంపాలా, పెళ్లి చేయాలా అన్నది తేలక ఇంట్లో నన్ను ఒక ఏడాది ఊళ్లోనే ఉంచారు. ఆ ఏడాదంతా నేను అక్క వెంటే తిరిగాను.

ఆమె పక్కన కూర్చోవడానికి తెలిసినవాళ్లు జంకేవారు. సంతోషం కలిగిందంటే పక్కవాళ్ల తొడ మీద చరిచేది. ప్రసంగంలో ఒక మాట నచ్చినా అంతే, ఫట్టుమని వినిపించేది. మా నాన్న చెప్పేది ఆపి, "ఎవరికి తగిలిందమ్మా?" అని అడిగేవాడు. నడిచేటప్పుడు ఒక చేయి నడుము దగ్గర దోపిన కొంగు మీదే ఉండేది, ఏ క్షణమైనా పరుగు అందుకోవాలన్నట్టు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే పూర్తిగా వినకుండానే "తేలుస్తాం పా" అని లేచి నిలబడేది. సగం కష్టాలు ఆమె లేవగానే తేలిపోయేవి, ఎందుకంటే చెప్పుకున్నవాళ్లకు ఆమెను ఆపడమే పెద్ద పనయ్యేది.

శనివారం దీపాలు పెట్టే వేళ ఆమె గుడిసె ముందు నిలబడి చూడాలి. కొడవలిని కడిగి చూరులో దోపి, "పండుకో. రేపు నీ పండ్లకు సెలవు," అనేది. మేత తట్టను బోర్లించి దాని వీపు మీద తట్టేది. తిరగలి మీద పాత చీర పేలిక కప్పి నాలుగు మూలలూ సర్దేది, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టే. అత్త గడపలో కూర్చుని సణిగేది.

"రాతికి గూడా సెలవా? నీకు పిచ్చి ముదిరింది."

"నాకు సెలవిచ్చేటోళ్లు లేరు గదత్తా. అందుకే నేనే ఇంకొకరికి ఇస్తాండా. ఇచ్చే చేతికి శానా బాగుంటాది."

అది నిజం. అప్పటికి మా గేరికి ఆదివారం అంటే పేరుకే. తెల్లవారుజామున పొలానికి పోయి, ఎండ ఎక్కాక ఒంటినిండా దుమ్ముతో గుడికి వచ్చి, చివరి పాట అందుకునేవాళ్లు. పనుల రోజుల్లో అదీ ఉండేది కాదు. ఆ ఏడు చలికాలంలో ఊరూరూ తిరిగి ప్రసంగాలు చేసే ఒకాయన వచ్చి మూడు సాయంత్రాలు కూటాలు పెట్టాడు. గేరిలోని యువజనులమంతా లేచి నిలబడి, ఇకమీద ఆదివారం పూర్తిగా దేవునికే అని మాట ఇచ్చాం. మేత, నీళ్లు, పేడ మాత్రం తప్పవని మాలో మేమే ఒప్పుకున్నాం. పశువు ఆకలికి వారాలు తెలియవు గదా.

కోతలు ఇంకా రాలేదు గనక రెడ్డి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ తర్వాత అక్కకు నిజమైన ఆదివారాలు వచ్చాయి. వాటిని ఆమె ఎంత హడావుడిగా జరుపుకొనేదంటే, ఆమె విశ్రాంతి తీసుకుంటుంటే చూసేవాళ్లకు ఆయాసం వచ్చేది. పొద్దున్నే గేరంతా తిరిగి అందరినీ లేపేది. పాటలు నేర్పేది. ముసలివాళ్లను చేయి పట్టుకుని తెచ్చి గుడిలో కూర్చోబెట్టేది. మధ్యాహ్నం మమ్మల్నందరినీ వాగు ఇసుకలోకి తీసుకుపోయి పరుగుపందేలు పెట్టి, అందరికంటే ముందు తానే ఉరికేది.

"అక్కా, ఈ పొద్దు విశ్రాంతి దినం," అని ఎవరో అంటే, "అందుకే గదా, రెడ్డి పని లేకుండా ఉరుకుతాండా," అంది.

గొడవ తెచ్చినవాడు దావీదు. రెడ్డి ఎద్దులను తోలే జీతగాడు. మాలో అందరికంటే మంచివాడు, అందరికంటే మొండివాడు. బైబిల్లోని పది ఆజ్ఞలూ కంఠతా పట్టాడు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో మనుషుల వెంట ఎద్దు కూడా ఉందని అతనికి కొత్తగా తెలిసింది. ఇక ఆగుతాడా? ఒక ఆదివారం మేత వేయడానికి పోయినప్పుడు రెడ్డి "పొలం కాడి నుంచి చొప్ప తేవాల, బండి కట్టు లే" అన్నాడు. దావీదు చేతులు జోడించాడు.

"సామీ, నేను రాను. ఎద్దులు గూడా రావు."

"ఎద్దులు రావా? ఎద్దులు చెప్పినాయా నీకు?"

"ఆజ్ఞలో ఉండాది సామీ. నీ ఎద్దు గూడా పని చేయకూడదని."

రెడ్డికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు దిగి వచ్చాడు. "నా ఎద్దులు ఎప్పుడు కిరస్తానంలో కలిసినాయి లే?"

పక్కనే పేడ తట్ట ఎత్తుతున్న అక్క తల ఎత్తింది. "ఇంకా కలవలేదు రెడ్డీ. వాటికి బాప్తిస్మం కావాల. పేర్లు మాత్రం రాసుకొన్యాం."

అరుగు మీద రెడ్డి తల్లి కూర్చుని ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అనేవారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తల్లి నవ్వేసరికి రెడ్డి ముఖం ఎర్రబడింది.

"సోమవారం మా బసవన్న పేరు చెప్పి కట్టేది లేదు. ఆదివారం మీ యేసయ్య పేరు చెప్పి కట్టేది లేదు. ఇంగ నా ఎద్దుల్ను అరుగు మీద కూర్చోబెట్టి మనుషులమే కాడి కింద తల పెట్టాల్నా?" అని అరిచాడు.

ఆరోజు బండి కదల్లేదు. ఆ సంగతి అక్క గేరికి వచ్చి చెబుతుంటే నవ్వి నవ్వి మాకు కళ్లనీళ్లు తిరిగాయి. నా తొడ మూడు రోజులు మండింది. కానీ రెడ్డి మరిచిపోలేదు.

జొన్న కోతలు అయ్యాయి. కంకులన్నీ కళ్లంలో కుప్ప పడ్డాయి. ఆ కళ్లం రెడ్డికీ అతని దాయాదులకూ ఉమ్మడి. ఒకరి తర్వాత ఒకరు వాడుకోవాలి. మంగళవారం నుంచి వంతు దాయాదులది. కంకులు పరిచి, పొడవాటి రాతి గుండును ఎద్దులకు కట్టి వాటి మీద గుండ్రంగా తిప్పితే గింజ రాలుతుంది. సోమవారం మా సీమలో ఎవరూ ఎద్దులను కట్టరు. మిగిలింది ఆదివారం. శనివారం మధ్యాహ్నం రెడ్డి అందరినీ కళ్లం దగ్గరికి పిలిచి చెప్పేశాడు.

"రేపు పొద్దున్నే గుండు తిరగాల. సోమవారం మీరు పండుకోండి, పాడుకోండి, నాకు పని లేదు. రేపు రానోళ్లకు ఉగాదికి నా కాడ మాట లేదు."

పక్క ఊళ్లలోనూ నూర్పిళ్లే, బయటినుంచి మనుషులు దొరకరు. మేము పోకపోతే అతని పంట చిక్కుల్లో పడుతుంది. మాకు ఏడాది తిండి పోతుంది. ఇది ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం యువజనులమంతా బడిలో చేరాం. ఒకరి మాట ఒకరికి వినబడనంత గోల. మా నాన్న మూలన కుర్చీలో కూర్చుని, "మాట ఇచ్చింది మీరు. తేల్చుకోవలసిందీ మీరే," అన్నాడు. అయినా ఉండబట్టలేక, గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయడం తప్పు కాదని ప్రభువే అన్నాడు గదా అని గుర్తు చేశాడు.

అక్క వెంటనే, "ఎద్దు గుంటలో పడల్యా అయ్యవారూ. కళ్లం కాడ నిలబడి నెమరేస్తాంది," అంది.

నేను లేచాను. మనిషి కోసమే ఆ దినం ఏర్పడింది గానీ ఆ దినం కోసం మనిషి కాదని బోర్డింగు స్కూల్లో నేర్చుకున్న మాట చెప్పాను. అందరూ తల ఊపారు. కానీ దాన్నిబట్టి పోవాలో వద్దో ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

వెనక నుంచి ఒకడు, "పోనీ సోమారమే మన ఆదివారం అనుకుందాం. ఎద్దులతో పాటు మనమూ పండుకుందాం. దేవునికి వారాల లెక్క ఉంటాదా?" అన్నాడు. ఇది చాలామందికి నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది.

అక్క అతని వైపు తిరిగింది. "పండుకొనేకి ఏ వారమైనా చాలప్పా. కలిసి పాడేకి ఆదివారమే కావాల. దేశంలో మనోళ్లందరూ ఆ పొద్దే పాడతారు. మనం సోమారం పాడితే ఎవరితో పాడినట్ల? ఆ ఎద్దులతోనా?"

"మరి తిండి?" అని అడిగాడతను. నవ్వులు ఆగిపోయాయి. "నీకు అత్త ఒకతే. నా ఇంట్లో చిన్నబిడ్డలు ఉండారక్కా."

అక్క చేయి కొంగు మీదికి పోయింది. లేచి నిలబడింది. ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

"ఆపొద్దు రెడ్డి ఏమన్యాడు? మనుషులమే కాడి కింద తల పెట్టాల్నా అన్యాడు గదా! సోమారం సెలవు ఎవరికి? ఎద్దులకు. మనకెవరన్నా ఇచ్చినారా? ఇయ్యల్యా! గుండు మనమే లాగుదాం!"

గది దద్దరిల్లింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పిచ్చి అన్నారు. దావీదు మాత్రం గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాడు.

"నేను లాగను," అన్నాడు. "మనుషులం అనిపించుకొనేకి ఆదివారం అడగతాండాం. దానికోసం సోమారం ఎద్దులం కావాల్నా? ఆ పొద్దు ఊరంతా మనల్ను చూసి నగదా?"

నాకు ఆ మాట సూటిగా తగిలింది. అక్కకు కూడా తగిలిందనే అనుకుంటాను. కొంగు మీది చేయి తీసింది. తర్వాత మెల్లగా అంది:

"నగతారు దావీదూ. నగనీ. ఎద్దు మెడకు తాడు ఇంకొకరు కడతారు. మనం మన చేత్తో పట్టుకుంటాం. వద్దనుకుంటే ఇడుస్తాం. నువ్వు ఎద్దుల్ను తోలేటోనివి, నీకు తెలీదా? ఏ ఎద్దయినా తాడు ఇడిచిందా?"

చేతులెత్తమన్నప్పుడు దావీదు కూడా ఎత్తాడు. నేను రెండు చేతులూ ఎత్తాను.

రెడ్డికి చెప్పడానికి అక్క పోతుంటే నేనూ వెంట పోయాను. చీకటి పడకముందే అరుగు ముందు నిలబడింది.

"రేపు రాం రెడ్డీ. సోమారం పొద్దు పొడిచేసరికి కళ్లంలో ఉంటాం. పొద్దు గూకేలోగా మీ కంకులు గింజలు కాకపోతే ఉగాదికి నాకు మాట ఇయ్యాకండి. నాకు మాత్రమే. మిగతావాళ్ల జోలికి పోవద్దండి."

"ఎద్దులు లేకుండా ఎట్ల తొక్కిస్తావే?"

"మీరే చెప్పినారు గదా, ఎట్లో."

రెడ్డి ఆమెను ఎగాదిగా చూశాడు. వేరే దారి కూడా అతనికి లేదు. "సరే. నీ మాట నీ మెడకే," అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆమె చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "అక్కా, అయితాదా?" అన్నాను. "తేలుస్తాం పా," అంది గానీ పరుగు అందుకోలేదు. అత్తకు ఈ సంగతి చెప్పవద్దని మాత్రం నాతో మాట తీసుకుంది.

ఆ ఆదివారం అక్క కదలకుండా కూర్చుంది. నేను చూసినంతలో అదొక్కటే అలాంటి ఆదివారం. గుడి కిటికీలోంచి కళ్లం కనబడేది. కుప్ప మీద పిట్టలు వాలుతున్నాయి. ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూస్తే, ఆమె రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, పెదవులు కూడా కదపకుండా ఉంది. ఎవరూ పరుగుపందేలకు పిలవలేదు. సాయంత్రం ఆమె గుడిసె చూరులోంచి ఏదో తీస్తే కొడవలి అనుకున్నాను. పాత చీర. దాన్ని పొడుగ్గా చించి మాకు పంచింది, మరునాడు అరచేతులకు చుట్టుకోమని.

సోమవారం పొద్దు పొడిచేసరికి మేమంతా కళ్లంలో ఉన్నాం. మాకంటే ముందే అవ్వ చేతికర్రతో వచ్చి గుండు పక్కన నిలబడింది.

"ఏమే, మీరు ఏమైనా చేసుకోండి. కాడి మాత్రం ముట్టుకోవద్దు. కాడికి గూడా సోమవారమే."

"ముట్టుకోం అవ్వా. దానికీ సెలవు ఉండాల్సిందే," అంది అక్క. అవ్వ మాటలో ఆమెకు తన తిరగలి కనిపించి ఉంటుంది. "తాడు చాలు మాకు."

"ఎద్దుల పగ్గమా?"

"బావి మోకు."

అవ్వ మోకును కర్రతో కదిలించి చూసి, సరేనన్నట్టు పక్కకు జరిగింది.

మోకును గుండుకు కట్టి, ముందు అక్క, వెనక దావీదు, వాళ్ల వెనక మేమంతా వరుసగా పట్టుకున్నాం. లాగాం. గుండు కదల్లేదు. మళ్లీ లాగాం. కాళ్లు జారి నలుగురం ఒకరి మీద ఒకరం పడ్డాం. చుట్టూ చేరిన ఊరివాళ్లు గొల్లున నవ్వారు. కళ్లం పక్కన ఎద్దులు కట్టేసి ఉన్నాయి. ఒళ్లు కడిగించుకుని, కొమ్ములకు పసుపు పూయించుకుని, మమ్మల్ని చూస్తూ నెమరేస్తున్నాయి. అక్క లేచి దుమ్ము దులుపుకుని వాటి వైపు తిరిగింది.

"మీరు గూడా నగతాండారా? మంగళారం చెప్తా మీ సంగతి!"

ఊరివాళ్లు ఇంకా నవ్వారు, కానీ ఈసారి మాతో కలిసి. అక్క పాట ఎత్తుకుంది. ఆదివారం ఆపుకున్న గొంతంతా సోమవారం బయటికి వచ్చింది. పాట మలుపు తిరిగే చోట అందరం ఒక్కసారి లాగాం. గుండు గరగరమని కదిలింది. కదిలాక దాన్ని ఆపడం కష్టమైంది. వెనకబడితే మడమల మీదికి వచ్చేస్తుంది. మేము లాగుతున్నామా, అది మమ్మల్ని తరుముతోందా తెలియలేదు. కాళ్ల కింద కంకులు పటపటమంటున్నాయి. గింజలు ఎగిరి మోకాళ్లకు తగులుతున్నాయి. నా జీవితంలో అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత గట్టిగా అరిచింది లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. నాకు అది మధ్యాహ్నం దాకా తెలియనే లేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక అవ్వ మజ్జిగ తెప్పించింది. పైనుంచి పోశారు, దోసిళ్లు పట్టి తాగాం. అప్పుడే రెడ్డి వచ్చాడు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. సగం కూడా కాలేదని నాకూ కనబడుతోంది, అతనికీ కనబడుతోంది. మళ్లీ మోకు పట్టుకున్నాం. ఇప్పుడు పాట తక్కువైంది, ఊపిరి ఎక్కువైంది. దావీదు పాదం చీరుకుని నెత్తురు కారుతోంది. అక్క పాదాలు తడబడుతున్నాయి. వెనక్కి తిరిగి, "తేలుస్తాం పాండి, తేలుస్తాం," అంటోంది, అందరికీ వినబడనంత మెల్లగా.

దాయాదుల్లో ఒకాయన మరునాటి వంతు కోసం కళ్లం చూసుకోవడానికి వచ్చాడు. కాసేపు చూసి, రెడ్డి వినేట్టు అన్నాడు: "ఏం రెడ్డీ! ఎద్దులకు దండం పెట్టి మనుషుల్ను కట్టినావే?"

చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు. రెడ్డి గబగబా కళ్లంలోకి వచ్చాడు.

"ఆపండి లే. చాలు. దాయాదులను ఒక రోజు ఆగమంటా. పోండి ఇండ్లకు."

మేము మోకు వదిలేశాం. కొందరు అక్కడే కూలబడ్డారు. అక్క మాత్రం వదల్లేదు.

"అట్ల కుదరదు రెడ్డీ. పొద్దు గూకేలోగా అన్యాం. మాటంటే మాటే."

"నగుబాటు అయితాండాది నాకు! ఇడువు అంటే ఇడువు!"

"మీ చేత ఆపించుకొనేకి కాదు సామీ మేం పట్టుకొనింది," అంది. కోపంగా అనలేదు. సంతోషంగా, ఏదో బహుమానం చూపిస్తున్నట్టు అంది. దావీదు కుంటుతూ వచ్చి మోకు అందుకున్నాడు. మేమంతా లేచాం. పొద్దు వాలుతుండగా చివరి చుట్టు తిరిగింది. కంకులు ఊడ్చి చూస్తే కింద గింజ కుప్ప, ఎర్రటి ఎండలో మెరుస్తూ. అక్క దాని పక్కన వెల్లకిలా పడి, ఆకాశం చూస్తూ పిచ్చిదానిలా నవ్వింది.

ఉగాది వచ్చింది. రెడ్డి అరుగు ముందు గేరివాళ్లంతా చేరాం. ఒక్కొక్కరినీ పిలిచి మాట చేస్తున్నాడు. దావీదు అయ్యాడు, చిన్నబిడ్డల తండ్రి అయ్యాడు. అందరి తర్వాత అక్క. ఆమె వెనక నిలబడి నేను వేళ్లు బిగించుకున్నాను.

"పోయినేటి జొన్నలే. ఒక కంబళి. ఒక జత చెప్పులు," అన్నాడు రెడ్డి. గొంతు సవరించుకుని, "ఇంకా, ఆదివారం సెలవు. అందరికీ. అది గూడా మాటలో ఏసుకోండి," అన్నాడు.

మాలో ఒక కేక లేవబోయింది. అక్క చేయి ఎత్తి ఆపింది.

"వద్దు రెడ్డీ."

రెడ్డి కళ్లు పెద్దవయ్యాయి. "ఏందే వద్దు? దీనికోసమే గదా ఆపొద్దు అంత చేసినారు?"

"దీనికే. కానీ మాటలో వద్దు. మాటలో ఏస్తే వచ్చే ఉగాదికి తీసేయొచ్చు. ఎద్దుల సోమారం ఎవరి మాటలో ఉండాది? మీరిచ్చినారా? అవి అడిగినాయా? ఉండాది, అంతే. మాది గూడా అట్లనే ఉండనీండి."

అరుగు మీద అవ్వ కొడుకు వైపు చూసింది. రెడ్డి అరుగు కింద విడిచిన తన చెప్పులను కాలితో ఒకసారి సర్దుకున్నాడు.

"జొన్నలు, కంబళి, చెప్పులు," అన్నాడు చివరికి. "మాట అంతే. పో."

తర్వాతి ఆదివారం పొద్దున మేమంతా గుడి గుమ్మంలో నిలబడి ఊరి దారి వైపే చూశాం. ఎవరూ పిలవడానికి రాలేదు. మేత వేయడానికి పోయిన దావీదు తిరిగి వచ్చాడు. రెడ్డి బండి దగ్గరికి వచ్చాడట, తనను చూశాడట, చుట్ట వెలిగించుకుని లోపలికి పోయాడట.

"ఏమన్యాడు?" అని అడిగింది అక్క.

"ఏమీ అనల్యా," అన్నాడు దావీదు.

అక్క లోపలికి పోయి పాట ఎత్తుకుంది.